హెపటైటిస్ బి గుర్తులూ అనుమాన ప్రమాణమూ

రక్తపరీక్షలో తేలిన ఒక గుర్తు ఆ మనిషి గడిచిన జీవితాన్ని గురించి ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదు, అది చెప్పని మాటలను దాని నోట పెట్టే అధికారం ఎవరికి ఉంది అన్నది వైద్యులు మాత్రమే తేల్చవలసిన ప్రశ్న కాదు. ధర్మశాస్త్రమూ తర్కశాస్త్రమూ కూడా జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న. చిత్తూరు జిల్లాలోనూ, 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత కలిపి ఏర్పాటు చేసిన తిరుపతి జిల్లాలోనూ ఈ ప్రశ్న ఒక చిన్న కాగితం రూపంలో ఇంటికి వస్తుంది. కాన్పుకు ముందు చేసే పరీక్షల్లోనో, ఆపరేషనుకు ముందో, రక్తదాన శిబిరంలోనో, కువైట్ వీసా కోసం చేయించుకునే మెడికల్‌లోనో ‘హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్’ అన్న ఒక్క పంక్తి కనబడుతుంది. అది చదివిన క్షణం నుంచి ఇంట్లో రెండు తీర్పులు తయారవుతాయి. ఆ మనిషి నడవడి సరిగా లేదన్నది ఒకటి. నడవడిలో తప్పేమీ దొరక్కపోతే, పూర్వజన్మలో చేసుకున్నదేదో ఇలా బయటపడిందన్నది రెండోది. మొదటిది నీతి పేరిట, రెండోది మతం పేరిట చెప్పే మాట అయినా రెండూ చేసే పని ఒక్కటే, కనబడే గుర్తును పట్టుకుని కనబడని కారణాన్ని నిశ్చయించడం. అంటే రెండూ అనుమానాలే, కనుక రెండూ అనుమాన ప్రమాణానికి పెద్దలు పెట్టిన షరతులకు లోబడవలసినవే.

ఆ షరతులను న్యాయదర్శనం కట్టుదిట్టంగా చెప్పింది. కాశీలో స్థిరపడిన తెలుగు పండితుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం సంస్కృతంలో తర్కం మొదలుపెట్టే విద్యార్థికి నేటికీ తొలి పుస్తకం; 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన తిరుపతి సంస్కృత విద్యాసంస్థలోనూ న్యాయశాస్త్రం చదివేవారికి అది కొత్త పుస్తకం కాదు. కొండ మీద పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకునే పాత ఉదాహరణలో కొండను పక్షమనీ, తేల్చవలసిన నిప్పును సాధ్యమనీ, పొగను హేతువనీ అంటారు; పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరుతుందన్న తప్పని సంబంధానికి వ్యాప్తి అని పేరు. వ్యాప్తి లేని హేతువు ఎంత నమ్మకంగా కనిపించినా హేత్వాభాసమే, అంటే హేతువులా కనిపించే బూటకమే. హేతువు ఉన్నా సాధ్యం లేని ఒక్క చోటు చూపిస్తే చాలు, ఆ అనుమానం వ్యభిచరించినట్టే, అంటే గురి తప్పినట్టే. ఇంతటి కచ్చితత్వం ఊళ్ళో రచ్చబండ దగ్గరో పెళ్ళిచూపుల వేళో ఆశించడం అత్యాశ కావచ్చు గానీ, శాస్త్రం పేరు చెప్పి మాట్లాడేవారి దగ్గర ఆశించక తప్పదు.

ఇంతకూ రక్తంలో దొరికే గుర్తులు ఏమిటి? హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణాల్లో పెరుగుతూ తన పైపొర మాంసకృత్తిని అవసరానికి మించి తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ మాంసకృత్తే హెచ్‌బీఎస్‌ఏజీ, ఉపరితల ప్రతిజనకం. ప్రతిజనకం అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థను మేల్కొలిపే పదార్థం. దానికి జవాబుగా శరీరం తయారుచేసే మాంసకృత్తి ప్రతిదేహం, వాడుకలో యాంటీబాడీ. ఉపరితల ప్రతిజనకం ఉంటే వైరస్ ఇప్పుడు శరీరంలో ఉన్నట్టు, అది ఆరు నెలలు దాటి నిలిస్తే వ్యాధి దీర్ఘకాలికమైనట్టు. దానికి ఎదురుగా పుట్టే యాంటీ హెచ్‌బీఎస్ రక్షణకు గుర్తు. మిల్లీలీటరుకు పది మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే చాలని లెక్క. వైరస్ లోపలి గుజ్జు భాగానికి ఎదురుగా పుట్టే యాంటీ హెచ్‌బీసీ మూడోది; ఇందులో ఐజీఎం తరగతి ప్రతిదేహం ఈ మధ్యే వైరస్ సోకిందని చెబితే, ఐజీజీ తరగతిది ఎప్పుడో ఒకప్పుడు సోకిందని చెబుతూ సాధారణంగా జీవితాంతం నిలిచిపోతుంది. హెచ్‌బీఈఏజీ అనే మరో ప్రతిజనకం వైరస్ జోరుగా పెరుగుతోందని సూచిస్తుంది. వీటికి తోడు వైరస్ డీఎన్ఏ ఎంత ఉందో, దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి రక్తంలోకి కారే ఎస్‌జీపీటీ అనే ఎంజైము ఎంత ఉందో కూడా చూస్తేనే వైద్యుడు ఒక మాట చెప్పగలడు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనైనా, చిత్తూరు వైపు వాళ్ళు తరతరాలుగా వెళ్ళే వేలూరు సీఎంసీలోనైనా ఒక్క పంక్తి చూసి మందు రాయరు. మొత్తం పట్టిక చూస్తారు. తీర్పు చెప్పే ఇరుగుపొరుగుకు మాత్రం ఒక్క పంక్తి చాలు.

పట్టిక ఎందుకు కావాలో న్యాయసూత్రాల్లోనే ఒక చర్చ చూపిస్తుంది. నదికి వరద వస్తే ఎగువన వాన కురిసిందని ఊహించడం కార్యం నుంచి కారణానికి వెళ్ళే అనుమానానికి వాత్స్యాయన భాష్యం ఇచ్చే ఉదాహరణ; స్వర్ణముఖి ఒడ్డున ఉన్నవారికి దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు, చంద్రగిరి కొండల్లో వాన పడితే శ్రీకాళహస్తి దగ్గర ఏరు పొంగుతుంది. రెండో అధ్యాయంలో ప్రతివాది దీన్ని ఆక్షేపిస్తాడు. గట్టు తెగినా, ఎక్కడో నీటికి అడ్డుపడినా నది నిండుతుంది కదా, మరి నిండుదనం వానకు ఎలా గుర్తవుతుంది? సిద్ధాంతి జవాబు సూటిగా ఉంటుంది: ఉత్త నిండుదనం గుర్తు కాదు, వానతో వచ్చిన వరదకు వేగం ఉంటుంది, నురగ ఉంటుంది, అది పండ్లనూ ఆకులనూ కట్టెలనూ మోసుకొస్తుంది, ఆ విశేషాలతో కూడిన నిండుదనమే హేతువు. యాంటీ హెచ్‌బీఎస్ విషయం అచ్చంగా ఇదే. వ్యాధి సోకి నయమైన మనిషిలోనూ అది ఉంటుంది, టీకా వేయించుకున్న మనిషిలోనూ ఉంటుంది. టీకాలో ఉండేది పైపొర మాంసకృత్తి ఒక్కటే. 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన తొలి దేశీయ రీకాంబినెంట్ టీకాలోనూ ఉన్నది ఈస్టు కణాల్లో తయారుచేసిన ఆ మాంసకృత్తే. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాదరెడ్డి స్థాపించిన ఆ సంస్థ వల్లనే ఈ టీకా ధర సామాన్యుడికి అందేంతగా దిగివచ్చింది. టీకాలో లోపలి గుజ్జు ఉండదు కాబట్టి టీకా వేయించుకున్నవారిలో యాంటీ హెచ్‌బీసీ పుట్టదు. నిజంగా వైరస్‌ను ఎదుర్కొన్నవారిలోనే పుడుతుంది. నురగా ఆకులూ మోసుకొచ్చిన వరద అదే.

ఈ గుర్తును తొలిసారి పట్టుకున్న శాస్త్రజ్ఞుడే దాన్ని మొదట తప్పుగా చదివాడన్నది ఇక్కడ తలచుకోదగిన సంగతి. అమెరికన్ పరిశోధకుడు బరూక్ బ్లంబర్గ్ వేరువేరు జాతుల రక్తంలో వంశపారంపర్యంగా వచ్చే తేడాలను వెతుకుతూ, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో ఒక వింత మాంసకృత్తిని గుర్తించి 1965లో దానికి ఆస్ట్రేలియా ప్రతిజనకం అని పేరు పెట్టాడు. ల్యుకేమియా రోగుల్లోనూ డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలోనూ అది ఎక్కువగా కనబడటంతో పుట్టుకతో వచ్చే లక్షణమై ఉంటుందనుకున్నారు. అంతకుముందు పరీక్షలో అది లేని ఒక డౌన్ సిండ్రోమ్ రోగికి మలి పరీక్షలో అది కనబడి, అదే సమయంలో కాలేయం వాచిందని తేలాక గానీ అది వంశానికి గుర్తు కాదనీ, వ్యాధికి గుర్తనీ అర్థం కాలేదు. 1976లో నోబెల్ బహుమతి తెచ్చిన ఆవిష్కరణ పుట్టుకను గురించిన ఒక తప్పుడు అనుమానంతో మొదలైంది. అయితే ప్రయోగశాలలో ఎదురు ఉదాహరణ దొరికిన వెంటనే అనుమానాన్ని వదులుకున్నారు; సమాజం అంత తేలిగ్గా వదులుకోదు.

నడవడిని గురించిన తీర్పు విషయానికి వస్తే, దానికి ఆయుర్వేదంలోనే ఒక ఆధారం ఉన్నట్టు పైకి కనిపిస్తుంది. చరకసంహిత సూత్రస్థానం మూడు కాలాల అనుమానాలకు ఉదాహరణలిస్తూ, పొగను బట్టి వర్తమానంలోని నిప్పునూ, విత్తనాన్ని బట్టి భవిష్యత్తులోని ఫలాన్నీ, గర్భాన్ని బట్టి గతించిన సంగమాన్నీ తెలుసుకోవచ్చని చెబుతుంది. శరీరంలోని ఒక స్థితి గతంలోని ఒక చర్యకు సాక్ష్యమవుతుందన్న మాట ఇందులో స్పష్టంగానే ఉంది. కానీ చరకుడి కాలానికి గర్భానికీ సంగమానికీ మధ్య వ్యాప్తి తిరుగులేనిది. హెచ్‌బీఎస్‌ఏజీకీ సంగమానికీ మధ్య అలాంటిది లేదు. ఈ వైరస్ శారీరక సంబంధం వల్ల వస్తుంది, నిజమే. సరిగా పరీక్షించని రక్తం ఎక్కించడం వల్ల, ఒకే సూదిని పలువురికి వాడటం వల్ల, ఒకరి క్షవరపు కత్తి మరొకరికి వాడటం వల్ల, కాన్పు వేళ తల్లి నుంచి బిడ్డకు, పసితనంలో పిల్లల పుండ్ల నుంచి తోటి పిల్లలకు కూడా వస్తుంది. హేతువు ఒక్కటే, కారణాలు అరడజను.

లెక్కలు చూస్తే తీర్పు పూర్తిగా తలకిందులవుతుంది. పెద్ద వయసులో సోకినవారిలో నూటికి ఐదుగురి కంటే తక్కువ మందిలోనే వైరస్ శాశ్వతంగా నిలుస్తుంది, మిగతావారి శరీరం దాన్ని వెళ్ళగొడుతుంది. కాన్పు వేళ సోకిన పసిబిడ్డల్లో సుమారు 90 శాతం మందిలో నిలిచిపోతుంది. కాబట్టి ముప్పై ఏళ్ళ మనిషి రక్తంలో ఏళ్ళ తరబడి నిలిచిన హెచ్‌బీఎస్‌ఏజీ ఏదైనా సూచిస్తే, అతడు ఏ తప్పూ చేయలేని పసితనాన్నే ఎక్కువగా సూచిస్తుంది. తప్పు వెతకడానికి బయలుదేరిన అనుమానం ఉయ్యాల దగ్గరికి చేరుతుంది.

ఇక్కడే రెండో తీర్పు అందుకుంటుంది. ఈ జన్మలో తప్పు లేకపోతే వెనకటి జన్మలో ఉండి ఉంటుందని, పసిబిడ్డ కూడా తన సంచితాన్ని, అంటే పోగుపడిన కర్మను, వెంట తెచ్చుకుందని అది అంటుంది. కర్మ సిద్ధాంతాన్ని ఇక్కడ కొట్టివేయనక్కరలేదు. దాన్ని అంగీకరించిన నైయాయికులే ఈ వాదానికి అడ్డుకట్ట వేశారు. పూర్వకర్మ వల్ల ఆత్మలో నిలిచిన పుణ్యపాప సంస్కారాన్ని వారు అదృష్టం అంటారు, అంటే కంటికి కనబడనిది. దాన్ని కాలం, దిక్కు, ఈశ్వరేచ్ఛ వంటి వాటితో కలిపి సాధారణ కారణాల్లో చేర్చారు. సాధారణ కారణం అంటే లోకంలో పుట్టే ప్రతి కార్యానికీ వెనక ఉండేది. కుండ తయారవడానికీ అదృష్టం కారణమే, అది పగలడానికీ కారణమే. వైరస్ సోకిన బిడ్డకూ అది కారణమే, పక్క మంచం మీద టీకాతో బయటపడిన బిడ్డకూ కారణమే. అన్నింటికీ సమానంగా కారణమైనదాన్ని చూపి ఒక్కరిని వేలెత్తి చూపడం కుదరదు. అంతేకాక అదృష్టం ఉందని ఒప్పుకున్నంత మాత్రాన ఏ కర్మ ఏ ఫలమిచ్చిందో చెప్పగల హేతువు మనుషుల చేతికి రాదు. చరకసంహిత విమానస్థానం మరో అడుగు ముందుకు వేసి, ఆయుష్షు అంతా ముందే రాసిపెట్టి ఉంటే వైద్యమే వ్యర్థమవుతుందనీ, బలహీనమైన దైవాన్ని బలమైన పురుషప్రయత్నం దాటగలదనీ వాదించింది. జనపదాలను తుడిచిపెట్టే మహమ్మారుల గురించి చెప్పే అధ్యాయంలోనే ఈ చర్చ రావడం ఊరికే కాదు.

రక్షణ వ్యవస్థ గుర్తులు ఇంకా చిక్కైన ప్రశ్నను ముందుకు తెస్తాయి. హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణాన్ని నేరుగా చంపదు. సోకిన కణాలను గుర్తుపట్టి చంపేది రోగి సొంత టీ కణాలు, రక్షణ కోసం పుట్టిన తెల్ల రక్తకణాలు. ఎస్‌జీపీటీ పెరగడం చాలాసార్లు ఆ దాడికి గుర్తు. తర్కసంగ్రహంలో ఉపాధి అనే దోషానికి ఇచ్చిన ఉదాహరణ ఇక్కడ నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది. పొగను బట్టి నిప్పును చెప్పవచ్చు గానీ నిప్పును బట్టి పొగను చెప్పకూడదు, ఎందుకంటే పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కావాలి. కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. వైరస్ ఉందనగానే కాలేయం చెడుతోందని చెప్పడం నిప్పును బట్టి పొగను చెప్పడమే. వైరస్ ఉండి కూడా ఎస్‌జీపీటీ పెరగక, కాలేయం చెక్కుచెదరక దశాబ్దాలు గడిపేవారు ఎందరో ఉన్నారు. రక్షణ వ్యవస్థ ప్రతిస్పందనే ఆ తడి కట్టె.

యుద్ధం, సహనం, అలసట వంటి మాటలతో వైద్యులే ఈ ప్రతిస్పందనను వర్ణిస్తారు. పసితనంలో సోకినవారిలో వైరస్ విస్తారంగా ఉన్నా దాడి జరగని దశకు చాలాకాలం రోగనిరోధక సహన దశ అని పేరు ఉండేది. ఆ దశలో ఉన్నవారిలోనూ వైరస్‌ను గుర్తించే టీ కణాలు ఉన్నాయని తర్వాతి పరిశోధనల్లో తేలాక, 2017లో ఐరోపా కాలేయ అధ్యయన సంఘం తన మార్గదర్శకాల్లో ఆ పేరును పక్కనబెట్టి, హెచ్‌బీఈఏజీ ఉన్న దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ అనే చప్పని పేరు పెట్టింది. చప్పనిదే మేలు, సహనం అనగానే అది ఒక గుణమైపోతుంది, గుణం అనగానే దాని వెనక కర్త ఉన్నట్టు తోస్తుంది. దీర్ఘకాల వ్యాధిలో టీ కణాల మీద పీడీ-1 అనే మాంసకృత్తి పెరిగి వాటి పని మందగించడాన్ని అలసట అంటారు, అక్కడా ఎవరూ అలసిపోలేదు.

ఈ కర్తృత్వ ప్రశ్నకు తిరుమల క్షేత్రంతో విడదీయరాని రామానుజుల వేదాంతం ఒక దారి చూపుతుంది. చేతనుడైన జీవుడు తన ప్రయోజనం కోసం పూర్తిగా నియమించి, ధరించి, తనకు అంగంగా ఉంచుకోగల ద్రవ్యమే శరీరమని ఆయన రాసిన శ్రీభాష్యం నిర్వచిస్తుంది. రోగగ్రస్తమైన శరీరం మాట వినదు కదా అన్న ఆక్షేపణకు, అగ్నికున్న వేడి శక్తి అడ్డంకి వల్ల ఒక్కోసారి బయటపడనట్టే నియమన శక్తి కూడా అడ్డంకి వల్ల కనబడదని ఆయన జవాబిస్తారు. టీ కణాల విషయంలో ఈ జవాబు అంతగా అమరదు, ఆరోగ్యవంతుడు కూడా తన టీ కణాలను శాసించలేడు కనుక. దానికంటే అదే గ్రంథంలో జీవుడి కర్తృత్వాన్ని స్థాపించే వాదం ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది: చేయి, చేయకు అన్న శాస్త్రవాక్యం ఎవరిని ఉద్దేశించగలదో అతడే కర్త, లేకపోతే శాస్త్రం వ్యర్థం. కాలేయంలో ఒక కణాన్ని చంపమనో విడిచిపెట్టమనో ఏ విధివాక్యమూ ఎవరికీ చెప్పలేదు, చెప్పలేదు కనుక ఆ సంహారానికి పుణ్యమూ లేదు, పాపమూ లేదు. కాలేయ కణ కేంద్రకంలో వలయంలా చుట్టుకుని ఏళ్ళ తరబడి దాగి ఉండే వైరస్ డీఎన్ఏను సంచిత కర్మతో పోల్చాలనిపించవచ్చు. పోలిక అందంగానే ఉంటుంది, కానీ నిలవదు. సంచితం తన కాలం వచ్చినప్పుడు పండుతుందంటారు. ఈ డీఎన్ఏ క్యాన్సర్ మందుల వంటి వాటితో కాపలా సడలినప్పుడే ఎక్కువగా లేస్తుంది, అందుకే రిటుక్సిమాబ్ వంటి మందు మొదలుపెట్టే ముందు యాంటీ హెచ్‌బీసీ పరీక్ష చేసి, అవసరమైతే టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ ఇస్తారు. ప్రాయశ్చిత్తం అక్కరలేదు, మాత్ర చాలు.

తప్పుడు అనుమానం దోషం మోపడంలోనే కాదు, మహిమ అంటగట్టడంలోనూ ఉంటుంది. కామెర్లు వస్తే పసరు తాగించి ఉప్పు లేని పథ్యం పెట్టడం రాయలసీమలో పాత అలవాటు. నేల ఉసిరి అందులో ముఖ్యమైన ఆకు. కామెర్లలో చాలా భాగం కలుషిత నీటి వల్ల వచ్చే వేరే వైరసులవి, తమంతట తామే తగ్గుతాయి. తగ్గిన పేరు పసరుకు దక్కుతుంది. అయితే నేల ఉసిరిని తేలిగ్గా తీసిపారేయలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు బ్లంబర్గ్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో ప్రకటించిన అధ్యయనంలో ఆ మొక్క చూర్ణం తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తం నుంచి హెచ్‌బీఎస్‌ఏజీ మాయమైంది, మందు లేని ఉత్త చూర్ణం తీసుకున్న 23 మందిలో ఒక్కరిలోనే మాయమైంది. తర్వాత పలు దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. వ్యాప్తిని ఒక్కసారి చూసి నిశ్చయించకూడదు, మళ్ళీ మళ్ళీ చూడాలని తార్కికులు చెప్పింది ఇందుకే.

మిగిలింది మైల ప్రశ్న. హెచ్‌బీఎస్‌ఏజీ ఉన్న కోడలికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు ఆ పనిని శుచి పేరుతో సమర్థించుకుంటాయి. అన్నం, నీళ్ళు, గ్లాసు, కౌగిలింత వల్ల ఈ వైరస్ రాదు. శాస్త్రం చెప్పిన ఆశౌచానికీ దీనికీ పోలిక కుదరదు: పురుటి మైల, చావు మైల జ్ఞాతులకు తాకకుండానే వస్తాయి, రోజుల లెక్కతో స్నానంతో పోతాయి, ఎవరి మీదా శాశ్వత ముద్ర వేయవు. ఈ వైరస్ రక్తం వంటి శరీర ద్రవాలు తాకితే తప్ప రాదు, స్నానంతో పోదు. పోలిక కుదరని చోట మైల పేరు వాడితే ఆశౌచ ధర్మాన్నే తప్పుగా అన్వయించినట్టవుతుంది.

దీనికి సరైన నమూనా తిరుమల కొండ మీదే ఉంది. కల్యాణకట్టలో రోజూ వేల మంది తలనీలాలు సమర్పిస్తారు. తడిపిన తల మీద క్షురకుడి చేయి ఎంత నేర్పుగా నడిచినా చెవి వెనకో మెడ మీదో చిన్న గాటు పడటం మామూలే, ఆరిన నెత్తురు మరకలో ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అక్కడ టోకెనుతో పాటు కొత్త బ్లేడు ఇస్తారు. క్షురకుడు దాన్ని పిడికి బిగించి ఆ ఒక్క తలకే వాడతాడు. వచ్చినవారిలో ఎవరి రక్తంలో ఏముందని ఎవరూ అడగరు, ఎవరినీ వరుస నుంచి పక్కకు తీయరు. మార్చేది బ్లేడును, మనిషిని కాదు. అందరి రక్తాన్నీ ఒకేలా జాగ్రత్తగా చూడాలని 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఆసుపత్రులకు చెప్పిన సూత్రంలోని తర్కమూ ఇదే: నమ్మదగని అనుమానం మీద ఆధారపడటం కంటే అనుమానం అవసరమే లేకుండా చేయడం. దీనికి పూర్తి విరుద్ధం గల్ఫ్ వీసా మెడికల్. పీలేరు, మదనపల్లె, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు బయలుదేరే కూలీకి వైరస్ డీఎన్ఏ ఎంతో, కాలేయం ఎలా ఉందో చూడకుండా హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటి చూసి ‘అన్‌ఫిట్’ అని రాసేస్తారు. మన దేశంలో హెచ్ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధించే చట్టం 2017లో వచ్చింది, హెపటైటిస్ బి ఉన్నవారికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

ప్రపంచంలో ఈ వైరస్‌తో బతుకుతున్నవారు 2022లో సుమారు 25 కోట్ల 40 లక్షల మందని, వారిలో దాదాపు 3 కోట్ల మంది భారతదేశంలోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంఖ్య తగ్గే దారి కాన్పు గదిలో ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లో తొలి టీకా, తల్లికి వైరస్ ఉంటే దానితో పాటు సిద్ధంగా తయారైన ప్రతిదేహాలుండే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది వేస్తారు. టీకా పడిన బిడ్డకు తల్లి పాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. పురుడు తీరే నాటికి రక్షణ పని మొదలై ఉంటుంది. టీకాల వరుస పూర్తయ్యాక, తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య బిడ్డ రక్తంలో హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ చూస్తారు; యాంటీ హెచ్‌బీసీ మాత్రం చూడరు. తల్లి కడుపులో ఉండగా ఆమె ప్రతిదేహాలు మాయ ద్వారా బిడ్డకు చేరి రెండేళ్ళ వరకు కూడా నిలవగలవు. ఆ గుర్తు బిడ్డ రక్తంలో దొరికినా అది చెప్పేది తల్లి గతాన్నే. బిడ్డకు వైరస్ సోకిందో లేదో దాన్ని బట్టి తేల్చలేరు.